మూడవ రిచర్డ్

మూడవ రిచర్డ్ (అక్టోబరు 2, 1452 - ఆగష్టు 22, 1485) ఇంగ్లాండు రాజు. యార్కు వంశానికి, దానితో పాటు మూడు శతాబ్దాలకు పైగా ఇంగ్లాండును ఏలిన ప్లాంటాజెనెట్ రాజవంశానికి ఇతడే చివరి రాజు. 1483 నుండి 1485 వరకు, రెండేళ్ళకు కొంచెం ఎక్కువ కాలం మాత్రమే పాలించాడు. బోస్‌వర్త్ యుద్ధంలో 32 ఏళ్ళ వయసులో మరణించాడు. యుద్ధభూమిలో ప్రాణాలు విడిచిన ఆఖరి ఇంగ్లాండు రాజు ఇతడే.

షేక్‌స్పియర్ నాటకం ద్వారా రిచర్డ్ లోకానికి గూనివాడుగా, అవిటివాడుగా, పసిపిల్లలను చంపించిన క్రూరుడుగా పరిచయమయ్యాడు. 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ల పార్కింగు స్థలం కింద ఇతని అస్థిపంజరం బయటపడింది. దానితో ఇతని శరీరం గురించి ఐదువందల ఏళ్ళుగా సాగిన వాదానికి సమాధానం దొరికింది. ఇతనికి గూని లేదు. కానీ వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్ అనే వ్యాధి మాత్రం నిజంగానే, అదీ తీవ్రంగానే ఉండేది.

జననం, బాల్యం

రిచర్డ్ ఇంగ్లాండు లోని నార్తాంప్టన్‌షైరులో ఉన్న ఫాదరింగే కోటలో జన్మించాడు. తండ్రి యార్కు డ్యూక్ రిచర్డ్, తల్లి సెసిలీ నెవిల్. వారి కొడుకులలో బ్రతికి బట్టకట్టినవారు నలుగురు కాగా, వారిలో ఇతడు ఆఖరివాడు. రాజ్యం తన వరకు వస్తుందని ఎవరూ ఊహించని స్థానం అది.

అది ఇంగ్లాండులో యార్కు, లాంకాస్టరు వంశాల మధ్య సింహాసనం కోసం గులాబీల యుద్ధాలు జరుగుతున్న కాలం. 1460 డిసెంబరు 30న వేక్‌ఫీల్డ్ యుద్ధంలో తండ్రి, అన్న ఎడ్మండ్ ఇద్దరూ చనిపోయారు. ఎనిమిదేళ్ళ రిచర్డ్‌ను, అతనికన్నా కొంచెం పెద్దవాడైన జార్జిని తల్లి సముద్రం దాటించి బర్గండీ డ్యూక్ రక్షణలోకి పంపించింది. కొద్ది నెలలకే పరిస్థితి తారుమారైంది. 1461 మార్చి 29న టౌటన్ వద్ద పెద్దన్న ఎడ్వర్డ్ ఘనవిజయం సాధించి, నాలుగవ ఎడ్వర్డ్‌గా సింహాసనాన్ని స్థిరపరచుకున్నాడు. పరదేశంలో తలదాచుకున్న పిల్లవాడు అదే సంవత్సరం గ్లోస్టర్ డ్యూక్ అయ్యాడు.

సుమారు 1465 నుండి కొన్నేళ్ళ పాటు రిచర్డ్ యార్క్‌షైరు లోని మిడిల్‌హామ్ కోటలో, తల్లి వైపు బంధువైన వారిక్ ప్రభువు సంరక్షణలో పెరిగాడు. రాజులను నిలబెట్టేవాడుగా, పడగొట్టేవాడుగా పేరుపొందిన వారిక్ ఇతడే. గుర్రపు స్వారీ, కత్తియుద్ధం, కవచం ధరించి పోరాడడం, సభామర్యాదలు మొదలైన విద్యలన్నీ రిచర్డ్ ఇక్కడే నేర్చాడు. ఎముకల పరిశీలనను బట్టి చూస్తే అతని వెన్నెముక వంగడం మొదలైంది కూడా ఇంచుమించు ఈ కాలంలోనే. పుట్టినప్పుడు నిటారుగానే ఉన్న వెన్ను, పదేళ్ళు దాటిన తరువాత, ఎదిగే వయసులో పక్కకు తిరగసాగింది. ఒక పక్క యోధుడిగా శిక్షణ పొందుతూ, మరోపక్క శరీరం తన అదుపు తప్పి మారుతూ ఉండగా ఆ కుర్రవాడు ఏమనుకున్నాడో చెప్పే పత్రమేదీ మిగలలేదు.

యుద్ధాలు

1469లో వారిక్ రాజు పై తిరుగుబాటు చేశాడు. రాజు రెండవ తమ్ముడు జార్జి కూడా వారిక్ పక్షాన చేరాడు. రిచర్డ్ మాత్రం అన్నను విడువలేదు. 1470 అక్టోబరులో నాలుగవ ఎడ్వర్డ్ రాజ్యం పోగొట్టుకొని బర్గండీకి పారిపోయినప్పుడు వెంట వెళ్ళాడు, 1471 మార్చిలో తిరిగి వచ్చినప్పుడూ వెంటే ఉన్నాడు. ఏప్రిల్ 14న బార్నెట్ వద్ద వారిక్ చనిపోయాడు. మే 4న ట్యూక్స్‌బరీ వద్ద లాంకాస్టరు యువరాజు హతుడయ్యాడు. ఆ యుద్ధంలో సేనాముఖాన్ని నడిపించినది 18 ఏళ్ళ రిచర్డే. మే నెల ముగియక ముందే, బందీగా ఉన్న ఆరవ హెన్రీ లండన్ టవరులో మరణించాడు.

వెన్నెముక అంతగా వంగిన వ్యక్తి ముందువరుసలో నిలిచి ఎలా పోరాడగలిగాడన్నది చాలాకాలం వరకు ప్రశ్నగానే ఉండేది. 2014లో ఒక బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమం కోసం, ఇంచుమించు రిచర్డ్‌కు ఉన్నంత వంపే వెన్నులో ఉన్న ఒక యువకునికి మధ్యయుగపు కవచం కొలతలు తీసి చేయించారు. కొంత శిక్షణతో అతడు గుర్రం పై నుండి ఈటెతో, కత్తితో బాగానే పోరాడగలిగాడు. ఎత్తైన పీఠం ఉండే ఆ కాలపు జీను వీపుకు ఆనుగా నిలిచి వంపు వలన కలిగే ఇబ్బందిని తగ్గించింది. నేల మీద పోరాడేటప్పుడు మాత్రం త్వరగా ఆయాసం వచ్చింది. వంగిన పక్కటెముకలు ఊపిరితిత్తులకు చోటు తగ్గిస్తాయి కాబట్టి రిచర్డ్‌కు కూడా ఈ ఇబ్బంది ఉండి ఉండవచ్చు.

ఉత్తరాది ప్రభువు

1472 ప్రాంతంలో రిచర్డ్, వారిక్ రెండవ కుమార్తె అయిన ఆన్ నెవిల్‌ను వివాహమాడాడు. ఆమె ట్యూక్స్‌బరీలో చనిపోయిన లాంకాస్టరు యువరాజు భార్య. ఆమె అక్కను అప్పటికే జార్జి పెళ్ళాడి ఉన్నాడు. వారిక్ ఆస్తుల పంపకం పై అన్నదమ్ములిద్దరూ తీవ్రంగా తగవులాడుకున్నారు. చివరకు 1478 ఫిబ్రవరిలో రాజద్రోహ నేరం మీద జార్జికి టవరులో మరణశిక్ష అమలు చేశారు. ఈ శిక్ష విధించింది రాజైన అన్న. రిచర్డే దీని వెనుక ఉన్నాడన్నది తరువాతివారు కల్పించిన మాట.

పది సంవత్సరాలకు పైగా రిచర్డ్ తన అన్న తరఫున ఉత్తర ఇంగ్లాండును పాలించాడు. మిడిల్‌హామ్ అతని ప్రధాన నివాసం. యార్కు నగరవాసులు అతనిని తమవాడుగా భావించారు. 1482లో స్కాట్లాండు మీద దండయాత్రకు నాయకత్వం వహించి ఎడిన్‌బరో వరకు వెళ్ళాడు. బెర్విక్ పట్టణాన్ని తిరిగి గెలిచాడు. ఆ పట్టణం నాటి నుండి ఇంగ్లాండు చేతిలోనే ఉండిపోయింది. ఈ కాలంలోనే రిచర్డ్ మరణించి ఉంటే చరిత్ర అతనిని విశ్వాసపాత్రుడైన తమ్ముడుగా, సమర్థుడైన పాలకుడుగా గుర్తు పెట్టుకొని ఉండేది.

1483: రాజ్యాపహరణ

1483 ఏప్రిల్ 9న నాలుగవ ఎడ్వర్డ్ హఠాత్తుగా మరణించాడు. అతని పెద్దకొడుకు, 12 ఏళ్ళ ఐదవ ఎడ్వర్డ్ రాజయ్యాడు. బాలుని పెంచుతున్నవారు తల్లి ఎలిజబెత్ ఉడ్‌విల్ వైపు బంధువులు. ఏప్రిల్ 30న, లండనుకు ప్రయాణంలో ఉన్న బాలరాజును రిచర్డ్ స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ వద్ద తన అధీనంలోకి తీసుకొని, మేనమామ రివర్స్ ప్రభువును బంధించాడు. రాజమాత మిగతా పిల్లలతో వెస్ట్‌మినిస్టర్ చర్చి ఆశ్రయంలోకి వెళ్ళింది. రిచర్డ్ రాజ్యరక్షకుడుగా నియమితుడయ్యాడు.

తరువాతి సంఘటనలు ఎంతో వేగంగా జరిగాయి. జూన్ 13న, చనిపోయిన రాజుకు ప్రాణమిత్రుడైన హేస్టింగ్స్ ప్రభువును మంత్రాంగసభ మధ్యలో పట్టుకొని, విచారణ లేకుండానే తల నరికించాడు. జూన్ 16న బాలరాజు తమ్ముణ్ణి కూడా చర్చి ఆశ్రయం నుండి టవరుకు రప్పించాడు. నాలుగవ ఎడ్వర్డ్‌కు ఉడ్‌విల్‌ను పెళ్ళాడక ముందే మరొక స్త్రీతో వివాహ ఒప్పందం ఉన్నదని, కాబట్టి ఈ పిల్లలు ధర్మసంతానం కారని ప్రచారం జరిగింది. జూన్ 26న రిచర్డ్ సింహాసనాన్ని స్వీకరించాడు. జులై 6న వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో భార్యతో కలిసి పట్టాభిషిక్తుడయ్యాడు.

ఆ వేసవి తరువాత టవరులోని పిల్లలిద్దరూ మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. వారిని రిచర్డే చంపించాడని అప్పట్లోనే చాలామంది నమ్మారు. ఎక్కువమంది చరిత్రకారులు నేటికీ అలాగే భావిస్తున్నారు. 1674లో టవరులో ఒక మెట్లవరుస కింద దొరికిన ఇద్దరు పిల్లల ఎముకలను వారివిగా తలచి వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో భద్రపరిచారు. నేరం నిరూపితం కాలేదు. కానీ పిల్లలు తన సంరక్షణలో ఉండగా కనిపించకుండా పోయారు, వారు బ్రతికే ఉన్నారని చూపించి అపవాదును పోగొట్టుకొనే అవకాశం ఉన్నా రిచర్డ్ అలా చేయలేదు. అతని వెన్నెముక గురించిన అబద్ధాలు తొలగినంత మాత్రాన ఈ ఆరోపణ తొలగిపోదు.

పరిపాలన

పట్టాభిషేకానికి ఎంతో సహాయపడిన బకింగ్‌హామ్ డ్యూక్ 1483 అక్టోబరులోనే తిరుగుబాటు చేసి, నవంబరు 2న శిరచ్ఛేదానికి గురయ్యాడు. 1484 జనవరిలో రిచర్డ్ ఒకే ఒక్కసారి పార్లమెంటును సమావేశపరచాడు. ఆ సమావేశం చేసిన చట్టాలు మెచ్చదగినవి. అనుమానం మీద బంధితులైనవారికి జామీను సౌకర్యం కల్పించారు. రాజు ధనవంతుల నుండి బలవంతంగా వసూలు చేసే కానుకలను నిషేధించారు. విదేశీ వర్తకుల పై విధించిన ఆంక్షల నుండి పుస్తకాలకు మినహాయింపు ఇచ్చారు. అచ్చు యంత్రం అప్పుడప్పుడే వచ్చిన దేశంలో ఈ మినహాయింపు చిన్న విషయం కాదు.

సొంత జీవితంలో మాత్రం దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1484 ఏప్రిల్‌లో ఏకైక ధర్మసంతానమైన కొడుకు ఎడ్వర్డ్ చనిపోయాడు. 1485 మార్చి 16న, సూర్యగ్రహణం రోజున, భార్య ఆన్ మరణించింది. అన్నకూతురు ఎలిజబెత్‌ను పెళ్ళాడడానికి ఆమెకు విషం పెట్టాడనే పుకారు పుట్టింది. రాజు స్వయంగా ప్రజల ముందు దానిని ఖండించవలసి వచ్చింది.

బోస్‌వర్త్

లాంకాస్టరు పక్షం వారసుడుగా చెప్పుకున్న హెన్రీ ట్యూడర్ 1485 ఆగష్టు 7న ఫ్రాన్సు నుండి వచ్చి వేల్స్ తీరంలో దిగాడు. ఆగష్టు 22న లెస్టర్‌షైరులోని బోస్‌వర్త్ వద్ద ఇరుసైన్యాలు తలపడ్డాయి. రిచర్డ్ సైన్యమే పెద్దది. కానీ స్టాన్లీ సోదరులు తమ బలగంతో ఎటూ చేరకుండా పక్కన నిలిచి చూస్తున్నారు.

హెన్రీ కొద్దిమంది అంగరక్షకులతో విడిగా ఉండడం గమనించిన రిచర్డ్, గుర్రపుదళంతో నేరుగా అతని మీదకు దూకాడు. హెన్రీ ధ్వజధారి విలియం బ్రాండన్‌ను చంపాడు, ఆజానుబాహుడుగా పేరుపొందిన జాన్ చెయినీని గుర్రం మీద నుండి పడగొట్టాడు. హెన్రీకి చేరువగా వచ్చిన ఆ క్షణంలో విలియం స్టాన్లీ సేన వచ్చి రిచర్డ్ మీద పడింది. గుర్రం పోయి, శిరస్త్రాణం పోయి, శత్రువుల మధ్య పోరాడుతూ రిచర్డ్ కూలిపోయాడు. అతడు చివరి వరకు ధైర్యంగా పోరాడాడని, అతనిని ద్వేషించిన రచయితలు కూడా వ్రాశారు.

శవాన్ని వివస్త్రను చేసి, గుర్రం మీద అడ్డంగా వేసి లెస్టర్‌కు తీసుకొనిపోయారు. రాజు చనిపోయాడని అందరికీ తెలియడానికి జనం చూసేలా ఉంచారు. తరువాత గ్రేఫ్రయర్స్ అనే సన్యాసుల మఠం చర్చిలో పాతిపెట్టారు. ఒక విషయం ఇక్కడ గమనించాలి. రిచర్డ్ బ్రతికి ఉన్నంతకాలం అతని వీపు గురించి ఎవరూ ఒక్క మాట కూడా వ్రాసిపెట్టలేదు. 1484లో అతనిని కలిసిన సైలీషియా యాత్రికుడు నికొలస్ ఫాన్ పోపెలావ్, రాజు తనకంటే కొంచెం పొడవరి అని, సన్నని కాళ్ళు చేతులు కలవాడని వ్రాశాడు గాని వంకర సంగతి ఎత్తలేదు. మంచి దర్జీ కుట్టిన దుస్తులు, కొలతకు చేసిన కవచం అతని వంపును కప్పిపుచ్చి ఉంటాయి. కుటుంబం, సేవకులు, వైద్యులు తప్ప ఇతరులు మొదటిసారి ఆ వెన్నును చూసినది బహుశా లెస్టర్‌లో, శవం నగ్నంగా పడి ఉన్న ఆ రెండు మూడు రోజుల్లోనే.

గూని కథ

హెన్రీ ట్యూడర్ ఏడవ హెన్రీగా రాజయ్యాడు. అతని హక్కు బలహీనమైనది కాబట్టి, ఓడిన రాజు ఎంత దుర్మార్గుడైతే గెలిచిన రాజుకు అంత మేలు. వారిక్ ప్రాంతపు మతాచార్యుడు జాన్ రౌస్ రిచర్డ్ జీవించి ఉండగా అతనిని కీర్తించాడు. రాజు చనిపోయాక అదే కలంతో, రిచర్డ్ రెండేళ్ళు తల్లి గర్భంలో ఉండి, పళ్ళతో, భుజాల దాకా జుట్టుతో పుట్టాడని వ్రాశాడు. ఇంతటి కట్టుకథల నడుమ రౌస్ ఒక్క నిజం కూడా చెప్పాడు. భుజాలు హెచ్చుతగ్గులుగా ఉండేవని, కుడిది పైకి, ఎడమది కిందికి ఉండేవని అతడు వ్రాసినది ఎముకలతో సరిపోయింది. తరువాత వచ్చిన థామస్ మోర్ ఎడమ భుజం ఎత్తుగా ఉండేదని తిరగవేసి వ్రాసి, ఎండిపోయిన చేతిని కూడా జోడించాడు. రాజప్రాసాదపు సేకరణలో ఉన్న రిచర్డ్ చిత్రపటాన్ని ఎక్స్-రే తీసినప్పుడు, మొదట మామూలుగా వేసిన భుజాన్ని తరువాత ఎవరో రంగు పూసి పైకి లేపినట్లు తేలింది.

1590లలో షేక్‌స్పియర్ ఈ సామగ్రినంతా తీసుకొని, వంకర శరీరమే వంకర మనసుకు గుర్తుగా నిలిచే పాత్రను సృష్టించాడు. ఇది ఒక్క ఇంగ్లాండులోనే జరిగిన పని కాదు. మన రామాయణంలో దుర్బోధ చేసే మంథర గూనిదే కావడం పాఠకులకు తెలిసినదే. 1955లో లారెన్స్ ఒలీవియే సినిమా ఆ రూపాన్ని లోకమంతటా స్థిరపరిచింది.

దీనికి ప్రతివాదం కూడా పుట్టింది. 1924లో ఏర్పడి, తరువాత రిచర్డ్ III సొసైటీగా మారిన సంఘం అతని మీది నిందలను తుడిచేందుకు పనిచేసింది. వెన్ను వంకర అన్నది ట్యూడర్ల పూర్తి కల్పన అని చాలామంది అభిమానులు గట్టిగా వాదించారు. నింద వేసినవారు, నిందను తోసిపుచ్చినవారు కూడా శరీరంలో లోపం ఉంటే అది అపకీర్తే అని ఒప్పుకున్నట్లయింది.

అస్థిపంజరం లభ్యం

1538లో గ్రేఫ్రయర్స్ మఠాన్ని రద్దు చేశారు. చర్చి నేలమట్టమైంది. ఎముకలను సోర్ నదిలో పారవేశారన్న కథ వ్యాపించింది. 1612 నాటికి ఆ స్థలంలో రాబర్ట్ హెరిక్ అనే మాజీ మేయరు తోట ఉండేది, అందులో రాజు సమాధి చోటును తెలిపే స్తంభం ఉండేది. తరువాత ఆ గుర్తు కూడా పోయింది. 20వ శతాబ్దానికి అక్కడ నగరపాలక సంస్థ కార్యాలయపు కార్ల పార్కింగు వచ్చింది.

ఫిలిప్పా లాంగ్లీ అనే రచయిత్రి పట్టుదలతో, లెస్టర్ విశ్వవిద్యాలయపు పురావస్తు బృందం 2012 ఆగష్టు 25న అక్కడ తవ్వకం మొదలుపెట్టింది. మొదటి రోజే రెండు కాలి ఎముకలు కనిపించాయి. కొద్దిరోజుల తరువాత పూర్తిగా తవ్వి చూస్తే, చాలని గుంటలో ఇరికించి పెట్టిన అస్థిపంజరం బయటపడింది. తల పైకి ఎత్తి ఉంది. పెట్టె లేదు. పాదాలు తరువాతి కాలపు నిర్మాణాల వలన పోయాయి. వెన్నెముక మాత్రం ఎస్ అక్షరంలాగా మెలితిరిగి స్పష్టంగా కనిపించింది.

రిచర్డ్ అక్క ఆన్ నుండి తల్లుల వరుసలో దిగివచ్చిన వారసులను వెతికి, వారి మైటోకాండ్రియా డీఎన్‌ఏను ఎముకల డీఎన్‌ఏతో పోల్చారు. అది సరిపోయింది. వారిలో ఒకరు కెనడాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన వడ్రంగి. 2013 ఫిబ్రవరి 4న ఇవి రిచర్డ్ ఎముకలేనని విశ్వవిద్యాలయం ప్రకటించింది. 2014లో వెలువడిన పరిశోధన ప్రకారం ఈ నిర్ధారణ సంభావ్యత 99.999 శాతం. తండ్రుల వరుస డీఎన్‌ఏ మాత్రం సరిపోలేదు. అంటే ఆ వంశవృక్షంలో ఎక్కడో ఒకచోట కాగితం మీది తండ్రి అసలు తండ్రి కాదు.

మరణ సమయంలో తగిలిన గాయాలు 11 కనిపించాయి, వాటిలో 9 తల మీదనే ఉన్నాయి. పుర్రె అడుగున తగిలిన రెండు దెబ్బలు ప్రాణం తీసేంత పెద్దవి. పిరుదుల వైపు నుండి కటి ఎముకలో దిగిన గాయం, శవాన్ని గుర్రం మీద వేసిన తరువాత అవమానించడానికి పొడిచినదై ఉండాలి. చేతులు రెండూ మామూలుగానే ఉన్నాయి. ఎండిపోయిన చేయి కల్పనే.

వెన్నెముక చెప్పినది

వెన్నెముకను ముందు నుండి చూస్తే నిలువు గీతలా ఉండాలి. అది 10 డిగ్రీలకు మించి పక్కకు వంగితే దానిని స్కోలియోసిస్ అంటారు. వంపును కొలిచేందుకు జాన్ కాబ్ 1948లో వివరించిన కాబ్ కోణాన్ని వాడతారు. ఇందులో వెన్ను ఊరికే వంగడమే కాక, పూసలు తమ చుట్టూ తాము తిరుగుతాయి కూడా. వాటితో పాటు పక్కటెముకలు తిరిగి ఒక వైపు ఉబ్బుతాయి. తెలుగులో గూని అనే మాటను సాధారణంగా వీపు ముందుకు వంగి మూపు లేవడానికి వాడతారు. అది కైఫోసిస్ అనే వేరొక స్థితి. రిచర్డ్‌కు కైఫోసిస్ లేదు.

జో ఆపిల్‌బీ మరియు సహపరిశోధకులు 2014లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన వివరాల ప్రకారం, రిచర్డ్ వెన్ను ఛాతీ భాగంలో కుడివైపుకు వంగింది. వంపు శిఖరం 8వ, 9వ ఛాతీపూసల వద్ద ఉంది. జీవించి ఉన్నప్పుడు కాబ్ కోణం 70 నుండి 90 డిగ్రీలు ఉండవచ్చు. ఇది చాలా పెద్ద వంపు. అయినా పై వంపుకు తగినట్లు కింది భాగం సర్దుకోవడంతో తల, మెడ నిటారుగానే నిలిచాయి. కాళ్ళు సమానంగా ఉన్నాయి, కుంటి నడక ఉండే అవకాశం లేదు. నిటారుగా ఉంటే సుమారు 5 అడుగుల 8 అంగుళాలు ఉండవలసినవాడు, వంపు వలన అంతకన్నా పొట్టిగా కనిపించేవాడు. కుడి భుజం కొంచెం ఎత్తుగా, మొండెం కాళ్ళు చేతులకన్నా చిన్నదిగా ఉండేది.

ఇది పది నుండి పద్దెనిమిదేళ్ళ మధ్య, నిర్దిష్టమైన కారణం తెలియకుండా మొదలయ్యే రకం. నేటి లెక్కల ప్రకారం ఈ వయసు పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురిలో 10 డిగ్రీలకు మించిన వంపు ఉంటుంది. చాలామందిలో అది చిన్నదిగానే ఆగిపోతుంది. బాగా పెరిగే వంపులు అబ్బాయిలలో కన్నా అమ్మాయిలలో చాలా ఎక్కువ. కూర్చునే తీరు వలన గాని, బరువైన పుస్తకాల సంచి మోయడం వలన గాని ఇది రాదు. వంశపారంపర్యం కొంతవరకు ఉంది.

ఆ కాలపు చికిత్స, ఈ కాలపు చికిత్స

రిచర్డ్‌కు చికిత్స చేసినట్లు ఏ పత్రంలోనూ లేదు. అయితే అంతటి ప్రభువంశపు కుర్రవానికి వైద్యులు అందుబాటులో ఉండేవారు, వారు చదివిన గ్రంథాలలో వెన్ను వంపుకు చికిత్స ఉంది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ నాటి నుండి వచ్చి, ఇబ్న్ సీనా ద్వారా ఐరోపాకు చేరిన పద్ధతిలో రోగిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చంకల కింద, నడుముకు పట్టీలు కట్టి రెండు వైపులా లాగేవారు. లాగుతుండగా మరొకరు వంపు మీద చేతులతో నొక్కేవారు. భాగవతంలో కృష్ణుడు కుబ్జ పాదాల మీద తన పాదం ఉంచి, గడ్డం కింద వేళ్ళు పెట్టి పైకి లాగి ఆమె వంకరలు తీర్చిన ఘట్టం పాఠకులకు గుర్తు రావచ్చు. ఆ ఊహ రెండు చోట్లా ఒకటే. కానీ మనిషి చేసే లాగుడు వలన కలిగే ఫలితం, వదిలిన కొద్దిసేపటికే పోతుంది.

రిచర్డ్ మరణించిన తరువాతి శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పారే, కవచాలు చేసే కమ్మరుల చేత రంధ్రాలు పెట్టిన ఇనుప తొడుగులు చేయించి వంగిన వెన్నులకు తొడిగించాడు. నేటి బ్రేస్‌కు మూలపురుషుడు అదే.

1895లో రెండు సంగతులు జరిగాయి. సెప్టెంబరులో అమెరికా లోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ వెన్నుపూసలను చేతితో సర్దే కైరోప్రాక్టిక్ విధానాన్ని ప్రారంభించాడు. పూసలు స్థానం తప్పడమే దాదాపు అన్ని రోగాలకూ మూలమని అతని వాదం. నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్-రేలను కనుగొన్నాడు. పూసలు నిజంగా ఎలా ఉన్నాయో బ్రతికి ఉన్న మనిషిలో చూడడం అప్పటి నుండి సాధ్యమైంది. స్కోలియోసిస్ విషయంలో చూస్తే, చేతితో పూసలను సర్దడం వలన వంపు శాశ్వతంగా తగ్గుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. కొందరికి నడుమునొప్పి నుండి ఉపశమనం కలగవచ్చు. పూసలు పక్కకు జరగడమే కాక, ఎదుగుదలలోనే ఒక వైపు అణగి రూపం మారిపోతాయి. నొక్కితే స్థానంలోకి వచ్చే ఎముకలు కావవి.

శస్త్రచికిత్స లేని పద్ధతులలో గట్టి ఆధారం ఉన్నది బ్రేస్‌కు. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలలో, వంపు సుమారు 25 నుండి 40 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు దీనిని వాడతారు. 2013లో అమెరికా, కెనడాలలో జరిగిన పరీక్షలో బ్రేస్ ధరించినవారిలో 72 శాతం మందికి, ధరించనివారిలో 48 శాతం మందికి వంపు 50 డిగ్రీల లోపే ఆగింది. రోజులో ఎక్కువ గంటలు ధరించినవారికే ఎక్కువ మేలు కలిగింది. తనకే స్కోలియోసిస్ ఉన్న జర్మను మహిళ కాథరీనా ష్రోత్ 1920లలో రూపొందించిన శ్వాస, వ్యాయామ పద్ధతి కూడా అనేక దేశాలలో వాడుకలో ఉంది. బ్రేస్ పనిచేసేది ఎదుగుదల ముగిసే లోపు మాత్రమే కాబట్టి, కేవలం చేతి వైద్యం మీద ఆధారపడి ఆ రెండు మూడేళ్ళు పోగొట్టుకుంటే తిరిగి రావు. పిల్లలను నిలబెట్టి ముందుకు వంగమన్నప్పుడు వీపు ఒక వైపు ఎత్తుగా కనిపిస్తే ఎముకల వైద్యునికి చూపించాలి. రిచర్డ్‌కు ఉన్నంత వంపుకు మాత్రం నేడు శస్త్రచికిత్సనే సూచిస్తారు.

పునఃఖననం

రిచర్డ్‌ను తిరిగి పాతిపెట్టే చోటు గురించి లెస్టర్, యార్కు నగరాల మధ్య వివాదం కోర్టుకు వెళ్ళింది. 2014లో న్యాయస్థానం లెస్టర్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. సమాధి దొరికిన చోట అదే సంవత్సరం ఒక సందర్శన కేంద్రాన్ని తెరిచారు. అక్కడ గాజు పలక గుండా ఆ గుంటను చూడవచ్చు. 2015 మార్చి 26న లెస్టర్ కెథెడ్రల్‌లో రిచర్డ్ ఎముకలను సమాధి చేశారు. ఈసారి పెట్టెలోనే పెట్టారు. ఓకు కర్రతో ఆ పెట్టెను తయారు చేసినది, డీఎన్‌ఏ ఇచ్చిన ఆ వడ్రంగే.